గొడుగు కింద కనకాంబరం

మా టీచరమ్మ పోయిందని, నంద్యాల నుంచి మొదటి బస్సుకు వచ్చిన మా తమ్ముడు చెప్పాడు. వినగానే నేను ఏడవలేదు. ఆళ్ళగడ్డలోని మా పెరట్లోకి పోయి గబగబా కనకాంబరాలు తుంచడం మొదలుపెట్టాను. ఎందుకో నాకే తెలియలేదు. ఆమె జన్మలో ఒక్క పువ్వు తలలో పెట్టుకోలేదు.

మీకు ఆమెను ఎట్లా చెప్పాలి? డెబ్బైల్లో, నంద్యాలలో మా పుట్టింటికి గోడవతల ఆమె, ఆమె చెల్లెలు ఉండేవాళ్ళు. వాళ్ళ చర్చి సంఘంలో ఆడవాళ్ళు పూలు, నగలు పెట్టుకోరు. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో బడి సంచి, అంతే. కానీ ఆమె దొడ్డిలో, మా గోడ నీడ పడేచోట, వరసగా కనకాంబరం మొక్కలు. బియ్యం కడిగిన నీళ్ళన్నీ వాటికే. నడివేసవిలో తన గొడుగును కట్టెకు కట్టి లేత మొక్కల మీద నిలబెట్టేది.

సాయంత్రమైతే వీధిలోని ఆడపిల్లలమంతా అక్కడే.

"పూలు దూసుకోండి. ఎన్ను తుంచినారో, చేతులు ఇరగ్గొడతా" అనేది. వెన్ను అంటే పూలు పూసే కంకి; ఎండిన వెన్ను మీద నీళ్ళు పడితే టపటపా పేలి గింజలు ఎగురుతాయి. అది చూపించేటప్పుడు మాకంటే ఆమే ఎక్కువ నవ్వేది.

"మీరు పెట్టుకోరు గదా టీచరమ్మా, ఎందుకు పెంచుతాండారు?" అని ఒకసారి అడిగాను.

"పెట్టుకోకపోతే చూడగూడదా ఏందే? ఏదీ, తిరుగు" అని నా జడను చాలాసేపు చూసింది. అది ఇష్టమో, వెలితో ఇప్పటికీ నాకు తేలలేదు.

పెళ్ళయి ఆళ్ళగడ్డ వచ్చాక ఆమె ఇచ్చిన గింజలు వాకిట్లో చల్లాను. మొలిచాయి గానీ ఆకులు మాడిపోయాయి. చూడవచ్చిన టీచరమ్మ కొంగు దోపింది.

"ఇట్ల ఎండలో నిలబెడితే ఎట్ల బతుకుతాయే? నీడ గావాల. మరీ చీకటి గాదు, పొద్దున రోంత ఎండ తగలాల" అంటూ తానే పెరటి గోడ పక్కకు మార్చింది. కొత్త కాపురంలో బిక్కుబిక్కుమంటున్న నాకు ఆరోజు ఆమె రావడమే పెద్ద ధైర్యం.

ఆ కబురు విని తమ్ముడితో నంద్యాల చేరేసరికి ఆమెను పెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు. పూల మూటతో నిలబడిపోయాను.

"అక్క పూలు పెట్టుకోదు గదమ్మా" అంది చెల్లెలు మెల్లగా.

నిజమే. మరి వీటినేం చేయాలి? తోచక, వాడిపోతున్నాయని కాసిని నీళ్ళు చిలకరించాను. తొందరలో ఎండిన వెన్నులు కూడా తుంచుకొచ్చానని అప్పుడు తెలిసింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే టపటపా పేలాయి. గింజలు ఎగిరి ఆమె తెల్ల చీర మీద పడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

చెల్లెలు వాటిని దులపబోయి ఆగింది. ఒక్కొక్కటే ఏరి నా గుప్పిట్లో పోసింది.

"ఇవైతే అక్క ఒప్పుకుంటాది" అంది.

సమాధుల తోట అంటారు గానీ అక్కడ ఒక్క చెట్టూ లేదు. అందరూ మట్టి వేశాక, ఆ గింజలను పైపైన నొక్కాను. ఎండగా ఉందని చెల్లెలు ఇచ్చిన టీచరమ్మ గొడుగు నా చేతిలోనే ఉంది. జనం వెళ్ళిపోతున్నారు.

"అక్కా, బస్సు పోతాది, రా" అని మా తమ్ముడు గేటు దగ్గర నుంచి పిలిచాడు.

"వస్తాండా" అన్నాను. అంటూనే, గొడుగు ఆ మట్టి మీదికి వంచి, ఎట్లా కదలాలో తెలియక అక్కడే నిలబడ్డాను.