పలక మీద పచ్చ చుక్క

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే మనుషుల మీద కూడా పెద్దగా లేదు. గ్యాస్ బండ ఇంటికి వస్తే సీలు చూసి, ఎత్తి చూసి, ఊపి చూసి గానీ గడప దాటనివ్వను. బంకులో మీటరు సున్నా మీద ఉందో లేదో కళ్లారా చూడకుండా డీజిల్ కొట్టించను. "పెళ్లిచూపుల్లో నన్ను మాత్రం ఎట్ల నమ్మినావో ఏమో" అని మా ఇంటామె ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

అలాంటి నేను ఈ సంగతి చెబుతున్నానంటే, అన్ని రకాలుగా అనుమానించి చూసి, చేతకాక చెబుతున్నానని అర్థం చేసుకోండి.

మాది మార్కాపురం పక్కన పల్లె. పొలంలో బోర్లు ఎండిపోయాక ఒక పది టైర్ల లారీ కొన్నాం. పలకరాయి బండలు నింపుకుని కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్ దాటి నంద్యాల వైపు వెళ్తుంది. డ్రైవరు దానియేలు మామ. మాకు చుట్టం కాదు, మా ఊరి చర్చి వీధి మనిషి. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన మామే, నేను అల్లుణ్ణే. బండి తీసే ముందు ఆయన స్టీరింగ్ మీద చేయి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. నేను ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెడతాను. ఒకరి పనికి ఒకరం అడ్డం వెళ్లం.

ఆ వేసవిలో నంద్యాలకు ఒక లోడు కుదిరింది. బండలు ఎక్కించి లారీని మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టాం. తెల్లవారితే ప్రయాణం. అప్పుడు మామ వచ్చి, వెలిగండ్లలో చెల్లెలి కూతురి పెళ్లి ఉందని సెలవు అడిగాడు. లోడు దించి వెళ్లమన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఎదురు చెప్పలేదు. "సరే అల్లుడా, నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

పొద్దున్నే చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం కింది గీత కన్నా దిగిపోయి ఉంది.

లారీ సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. కూలెంట్ అంటే ఇంజిన్ వేడిని లాగే పచ్చ నీళ్లు. అది లేకుండా లోడుతో ఘాట్ ఎక్కితే ఇంజిన్ హెడ్ పగులుతుంది. హెడ్ పగిలితే మాలాంటి వాళ్లు బండి అమ్ముకోవాల్సిందే. ముందు రోజు నేనే పై గీత దాకా ఉందని చూశాను.

మార్కాపురం నుంచి మెకానిక్ ఖాదర్‌ను పిలిపించాను. రేడియేటర్, పైపులు, క్లిప్పులు, వాటర్ పంపు అన్నీ చూశాడు. మూత తీసి, ఆ చోట చేతి పంపు బిగించి గాలి కొట్టాడు. ఎక్కడ చిల్లు ఉన్నా పంపు మీది ముల్లు దిగాలి. చాలాసేపు చూశాం, దిగలేదు. కూలెంట్ లోపల ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని గేజి కడ్డీ తీసి చూశాడు. కలిస్తే ఆయిల్ పాలు పోసినట్టు తెల్లబడాలి, నల్లగానే ఉంది. స్టార్ట్ చేస్తే తెల్ల పొగ కూడా లేదు.

"లీకు లేదన్నా. నీళ్లు ఎట్ల పోయినాయో నాకూ తెలియడం లేదు" అన్నాడు.

లీకు లేకుండా కూలెంట్ పోయిందంటే ఎవరో తీసి ఉండాలి. నాకు వేరే దారి కనిపించలేదు. ఈలోగా దానియేలు మామ వచ్చాడు, భుజాన సంచితో.

"బండి కదలదంట గదా అల్లుడా. నేను పెండ్లి చూసుకుని వస్తా."

సంచి ముందే సర్దుకుని ఉన్నాడు. అది నా కంట్లో పడింది. పైకి సరేనన్నాను. ఆయన బస్సెక్కగానే ఇంట్లోకి వచ్చి, తిరిగి వచ్చాక ఇక తాళంచెవి ఇవ్వకుండా ఇంటికి పంపేస్తానని చెప్పాను. మా ఇంటామె చేతిలో పని ఆపేసింది. "చిన్నప్పటి నుంచి చూస్తాండే మనిషిని దొంగ అంటే, రుజువేందని ఊరు అడగదా? రేపు ఆయన ఇంకెవరి దగ్గర పనికి పోవాల?" అంది.

రుజువు కావాలంటే రుజువే చూపిద్దామనుకున్నాను. డబ్బా నిండా కూలెంట్ పోసి, మట్టం దగ్గర మార్కరుతో గీత గీశాను. మూత మీద టేపు అంటించి దాని మీదుగా సంతకం చేశాను. లీకు కనిపెట్టడానికి బండి కింద అట్టముక్కలు పరుస్తారు. మా దగ్గర అట్టలు లేకపోవచ్చు గానీ పలకలకు లోటు లేదు. మా ఊరి పలకల ఫ్యాక్టరీ వాళ్లు పక్కన పడేసినవి తెచ్చి, తుడిచి, ఇంజిన్ కింద పరిచాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? వెనక టైర్ల దాకా పరిచాను. లారీ చుట్టూ రాయి కోసినప్పుడు వచ్చే పొడి జల్లాను. పిల్లి నడిచినా అడుగు పడుతుంది.

మర్నాడు పొద్దున టేపు చెక్కుచెదరలేదు. పొడి మీద అడుగు అన్నది లేదు. మట్టం మాత్రం గీత నుంచి బాగా దిగింది. ఇంజిన్ కింది పలకలన్నీ పొడిగా ఉన్నాయి. ఎడమ వైపు వెనక చక్రం లోపలి పక్కన ఉన్న ఒక్క పలక మీద పచ్చ చుక్కలు ఉన్నాయి. వేలితో తాకి చూశాను. కూలెంటే. పైన తగ్గింది చెంబెడు, కింద పడింది నాలుగు చుక్కలు. మిగతాది ఏమైందో ఇప్పటికీ తెలియదు.

కూలెంట్ పైపులన్నీ ముందు వైపే ఉంటాయి. మా బండిలో వెనక చక్రాల దగ్గరికి ఒక్కటీ రాదు.

మామ నిజంగా వెలిగండ్లలోనే ఉన్నాడా అని వీడియో కాల్ చేశాను. పందిట్లో బంతికి అన్నం వడ్డిస్తున్నాడు. "భోంచేసినావా అల్లుడా?" అని అడిగాడు. సిగ్గనిపించింది గానీ అనుమానం పోలేదు. మామ కాకపోతే పక్కింటి వాడు అనుకున్నాను. బిల్లు కోసం ఖాదరే చేస్తున్నాడేమో అనుకున్నాను. ఒక గడియ మా ఇంటామెను కూడా అనుకున్నాను, ఆ మాట ఆమెకు చెప్పకండి. లారీని తీసుకెళ్లి ఫ్యాక్టరీ గోడ లోపల పెట్టి గేటుకు నా తాళమే వేశాను. డబ్బా మళ్లీ నింపి, పలకలు తుడిచి పరిచాను. మర్నాడు మట్టం మళ్లీ దిగింది, పచ్చ చుక్కలు మళ్లీ అక్కడే, వెనక చక్రం దగ్గర పలక మీదే.

మళ్లీ పిలిపించి చూపిస్తే ఖాదర్ నవ్వాడు. "ఇంజిన్ నీళ్లు ఇక్కడికి ఎట్ల వస్తాయన్నా? ఎగిరి రావాల."

చుక్క ఎక్కడి నుంచి పడుతోందో చూద్దామని ఇద్దరం కింద దూరాం. సరిగ్గా ఆ పలక పైన ఉన్న భాగమంతా బురద, గ్రీజు పట్టి ఉంది. తడి అన్నదే లేదు. కిరోసిన్ గుడ్డతో తుడుస్తూ పోతే ఖాదర్ చేయి ఆగింది.

వెనక ఇరుసును, బండి బరువు మోసే కమాన్ పట్టీలకు పట్టి ఉంచే యూ బోల్టులు అక్కడే ఉంటాయి. ఒకటి బురద చాటున ఎప్పుడో తెగిపోయింది. రెండోదానికి వెంట్రుకంత పగులు.

ఖాదర్ నవ్వు పోయింది. "ఈ లోడుతో ఘాట్ దిగుంటే ఏదో ఒక మలుపులో ఇరుసు పక్కకు జరిగుండేదన్నా. స్టీరింగ్ కాడ ఉండే మనిషి..." అని ఆగిపోయాడు.

ఆ మనిషి దానియేలు మామ. పెళ్లికి వెళ్లొద్దని ఆయన్ను నేను పంపబోయింది ఆ దారినే. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. భయమేసింది, అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది.

బోల్టులు మార్చాం. కూలెంట్ నింపాం. ఇంజిన్ వైపు ఒక్క క్లిప్పు కూడా ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి మట్టం దిగలేదు.

మామ పెళ్లి లడ్లు తెచ్చాడు. నేను పలక తెచ్చి చూపించి అంతా చెప్పాను. చెబుతూనే ఆయన ముఖంలో దొంగ నవ్వేమైనా తొంగి చూస్తుందా అని గమనించాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆయన నవ్వలేదు. ఎండిన పచ్చ మరక మీద చేయి పెట్టి, స్టీరింగ్ మీద పెట్టినట్టే, కాసేపు కళ్లు మూసుకున్నాడు. నేను తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

ఇది ఎవరు చేశారో, ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసిన వాళ్లందరినీ వరసగా అనుమానించాను. ఇప్పుడు అనుమానించడానికి మనిషి మిగల్లేదు.

ఘాట్ లోడు ఉందంటే ముందు రోజు సాయంత్రం ఇప్పటికీ పలకలు పరుస్తాను, వెనక టైర్ల దాకా. పొద్దున ఒక్కో పలకా ఎత్తి, వెలుతురుకు పట్టి చూస్తాను. మామ సంచి భుజాన వేసుకుని ఓపిగ్గా నిలబడి ఉంటాడు. అన్నీ పొడిగా ఉన్నాయని తేలాకే తాళంచెవి ఇస్తాను.