ఎత్తని ఎర్ర కార్డు

మా ఆయన మాట్లాడడం నేర్చుకుందామని ఉపన్యాసాల క్లబ్బులో చేరి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో అక్కడ ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. మీకు నవ్వొస్తుందేమో గానీ, నాకు నవ్వు రావడం ఎప్పుడో మానేసింది.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక భవనంలో, లిఫ్టు అడుగున గోతిలోకి దిగి, తలకి లైటు కట్టుకుని, తీగలతోనూ ఇనప చక్రాలతోనూ కాలక్షేపం. అక్కడ మాట్లాడడానికి మనుషులుండరు. "కస్టమర్ల దగ్గర కాస్త నోరు విప్పడం నేర్చుకోవయ్యా" అని కంపెనీవాళ్ళు తరిమితే క్లబ్బుకి వెళ్ళారు. మొదటి రోజు మైకు పట్టుకుని "నమస్కారం" అని, అలాగే నిలబడిపోయి, కాసేపటికి దిగివచ్చారట. ఎంతసేపు నిలబడ్డారని ఎవరో వేళాకోళానికి అడిగితే, రెండు నిమిషాల పది సెకన్లు అని చెప్పారట. అంతే, టైము చూసే పని ఆయనకి అంటగట్టేశారు. అప్పటి నుంచీ అక్కడందరికీ ఆయన టైముగారు.

గురువారం సాయంత్రం ఆరింటికి లైబ్రరీ మేడ మీది గదిలో సభ. పాతిక ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, ఒక కాలి కింద అట్టముక్క పెట్టిన బల్ల. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. పగలంతా జనం చేత నోరు తెరిపించింది చాలక సాయంత్రం మళ్ళీ అదే పని! ముందు వరసలో మా ఆయన, చేతిలో స్టాప్‌వాచీ, ఒళ్ళో మూడు కార్డులు. అయిదు నిమిషాలకి ఆకుపచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు ఎత్తుతారు. ఎరుపు లేచాక ఇంకో ముప్పై సెకన్లు వదులుతారు. ఆ పైన ఒక్క సెకను దాటినా పోటీలోంచి అవుట్. చివర్లో టైముగారు లేచి ఎవరెంతసేపు మాట్లాడారో చదువుతారు. సభలో ఆయన గొంతు వినబడేది అప్పుడొక్కసారే.

ఓసారి కళ్ళద్దాల షాపాయన వాళ్ళమ్మ పోయిన సంగతి చెబుతూ ఏడుస్తుంటే, ఆ ముఖానికెదురుగా కూడా ఎర్ర కార్డు ఎత్తిన మనిషి ఈయన. ఇంటికొచ్చాక ఉండబట్టలేక "అసలు విన్నారా ఆయనేం చెప్పాడో?" అని అడిగాను. "వింటూ కూర్చుంటే టైమెవరు చూస్తారు?" అన్నారు.

ఇంట్లో ఆ మాత్రం కూడా లేదు. ఊఁ ఒక్కటే. గ్యాసు అయిపోయిందంటే ఊఁ. మా తమ్ముడికి పిల్ల పుట్టిందంటే ఊఁ. నా కాళ్ళు లాగేస్తున్నాయంటే ఊఁ. ఇంతకంటే గోడకి చెప్పుకోవడం నయం, గోడ కనీసం విన్నట్టు నటించదు.

నేనా క్లబ్బులో చేరింది సరదాకి కాదు, మాట్లాడడం వస్తే కూర్చుని చేసే పనేదైనా దొరుకుతుందేమోనని. ఆసుపత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా ఇస్త్రీ నా పని. దుప్పటి పరవడం, పెద్ద ప్రెస్సు మూత దించడం, ఆవిరి పోయేదాకా ఆగడం, ఎత్తడం, మడవడం. రోజుకి నాలుగు వందల దుప్పట్లు, అన్నీ సిమెంటు నేల మీద నిలబడే. పిక్కల మీద నరాలు నీలంగా తేలి మెలికలు తిరిగిపోయాయి. "నిలబడే పని మానెయ్యమ్మా" అన్నాడు పైఅంతస్తు డాక్టరు. మానేసి ఏం చేసుకు బతకాలో మాత్రం చీటీ మీద రాయలేదు.

మొన్న మా సూపర్‌వైజరమ్మ పిలిచి చెప్పింది. "కొత్తవాళ్ళకి పని నేర్పే పోస్టు ఒకటి పడుతోంది. కూర్చుని చేసే పని. నిన్ను వెయ్యాలనే ఉంది. కానీ నలుగురి ముందు నువ్వు మాట్లాడగలవని పైవాళ్ళకి ఏం చూపించను? ఏదో పోటీల క్లబ్బులో ఉన్నావుగా, గెలిచిన సర్టిఫికెట్ ఒకటి పట్రా. నెలాఖరులోపల తేవాలి సుమా!"

నెలాఖరులోపల ఉన్నది ఒక్కటే పోటీ. ఆదివారం మధ్యాహ్నం, అయిదుగురం. అందులో ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు. ప్రతి ఏడూ అతనే గెలుస్తాడు, ప్రతి ఏడూ సర్టిఫికెట్ అందుకుంటూ కళ్ళు తుడుచుకుంటాడు. నేను మాత్రం పోటీకి మిగిలిన పది రోజులూ ప్రెస్సు చప్పుడులో దుప్పట్లకే ఉపన్యాసం చెప్పుకున్నాను. ఇంట్లో ఒక్క ముక్క అనలేదు. అన్నా ఈయన వాచీ చూస్తారు గానీ నన్ను చూడరని తెలుసు.

పోటీకి టైము చూసేవాళ్ళు ఇద్దరుండాలి. రెండో ఆయనకి జ్వరమట, రాలేదు. "భార్య మాట్లాడుతుంటే మొగుడు టైము చూడడమేంటండీ?" అన్నాడు ఏజెంటు. "ఈయన ఎవరికైనా ఒక్క సెకను వదిలిన మనిషా?" అన్నాడు పళ్ళ డాక్టరు. అందరూ నవ్వారు, ఏజెంటూ నవ్వి ఊరుకున్నాడు.

నా వంతు ఆఖరిది. నిలబడడం గురించి మాట్లాడాను. నిలబడే మనిషికి మధ్యాహ్నం దాటాక మడమలు ఎలా మండుతాయో, చెప్పుల పట్టీ సాయంత్రానికి ఎలా బిగిసిపోతుందో చెప్పాను. దుప్పటి కింద ఏ రోగి పడుకుంటాడో తెలియకపోయినా ముడత లేకుండా చెయ్యాలనిపించే పిచ్చి గురించి చెప్పాను. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. ఆకుపచ్చ లేచింది, పసుపు లేచింది. ఎరుపు లేవగానే చివరి రెండు మాటలు చెప్పి దిగాలని నా లెక్క.

ఎరుపు లేవలేదు. టైము మిగిలిందే అనుకుని, చెప్పదలుచుకోని సంగతి కూడా చెప్పేశాను. పొద్దున్నే మంచం అంచున కూర్చుని, పాదాలు నేల మీద పెట్టడానికి భయపడి, వాటిని బతిమాలుకుంటానని. అవి ఒప్పుకున్నాక లేచి టీ పెడతానని. మా ఆయన వైపు చూస్తే కార్డులు ఒళ్ళోనే ఉన్నాయి. ఆయన నోరు కొద్దిగా తెరిచి నన్నే చూస్తున్నారు. అదేం చూపో నాకప్పుడు తెలియలేదు, నా చివరి మాటలు చెప్పి దిగాను. చప్పట్లు ఆగితే ఒట్టు! కళ్ళద్దాల షాపాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. గెలిచాననే అనుకున్నాను. కుర్చీలో కూర్చున్నట్టే అనుకున్నాను.

టైముగారు లేచి కాగితం చదివారు. నలుగురివీ గడగడా చదివి, నా దగ్గర ఆగారు. ఆ అంకె ఆయనకి తప్ప ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

"ఏడు నిమిషాల ముప్పై రెండు సెకన్లు" అన్నారు.

"ఎర్ర కార్డు నేను ఎత్తలేదు. ఏడో నిమిషం దాటినట్టు చూసుకోలేదు. తప్పు నాది" అన్నారు మళ్ళీ. నేను విన్నంతలో ఆయన జనం ముందు మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

పళ్ళ డాక్టరు పాపం అడ్డం పడ్డాడు. "చప్పట్లు కూడా కలిశాయేమో చూడండి సార్."

"చప్పట్లకి ముందే వాచీ ఆపాను" అన్నారు ఈ మహానుభావుడు. "కార్డు చూపించకపోయినా టైము టైమేనని మన నిబంధనల్లోనే ఉంది కదండీ."

ఏజెంటుకి సర్టిఫికెట్ ఇచ్చారు. అతను మామూలుగానే కళ్ళు తుడుచుకున్నాడు.

బస్‌స్టాపు జనంతో కిటకిటలాడుతోంది. అక్కడ బెంచీ లేదు, ఉంటే ఆశ్చర్యపోదును. నిలబడే కడిగేశాను. "తొమ్మిదేళ్ళలో ఎవరికీ తప్పని కార్డు నాకే తప్పాలా? పోనీ తప్పింది, రెండు సెకన్లు మింగెయ్యలేకపోయారా? ఆ కాగితం ఉంటే సోమవారం నుంచి కూర్చునేదాన్ని. తెలుసా మీకు? కూర్చునేదాన్ని!"

ఆయన తల వంచుకుని విన్నారు. ఈసారి ఊఁ అనలేదు. "అంత నొప్పిగా ఉంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెప్పాను. ఎన్నిసార్లో చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

ఆయన ముఖం చూడలేక రోడ్డు వైపు తిరిగాను. నాకు కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. రేపు పొద్దున మళ్ళీ అదే సిమెంటు నేల, అవే నాలుగు వందల దుప్పట్లు. దూరంగా బస్సు మలుపు తిరుగుతోంది. మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డారు. వంగి నా పాదాల వంక చూశారు.

"ఏ కాలు?" అని అడిగారు.

"రెండూనండీ" అన్నాను. అని, అంతమంది జనంలో ఏడ్చేశాను.