ఇడ్లీ పాత్ర మీద నార్మన్ గారి వెదురు రాడ్

అరవై ఏళ్ళు చెక్కుచెదరని ఒక గాలం రాడ్‌ను ఒక కారు, ఒక ట్రే వడియాలు, ఒక ఇడ్లీ పాత్ర సాయంతో ఒక్క రోజులో సర్వనాశనం చేయడం ఎలాగో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. గొప్ప చెప్పుకోవడం లేదు. జరిగిందే చెబుతున్నాను.

అమెరికాలో, శాన్ రామన్ అనే ఊళ్ళో అద్దెకు దిగిన కొత్త. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చక్కగా నడుస్తున్న ప్రోగ్రామ్ ఎక్కడ నొక్కితే కూలుతుందో కనిపెడితే జీతమిచ్చేవారు. ఆ బుద్ధిని ఆఫీసులోనే వదిలి ఇంటికి రావాలని నాకెవరూ చెప్పలేదు.

పక్కింట్లో నార్మన్ అనే పెద్దాయన, రిటైరైన వడ్రంగి. సాయంత్రాలు పెరటి గడ్డిలో నిలబడి సన్నటి రాడ్ ఊపుతూ, పొడుగాటి దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించేవారు. నీళ్ళు లేవు, చేప లేదు. వారం రోజులు కంచె మీంచి చూశాక ఇక ఉండబట్టలేకపోయాను.

"ఏం పడతారండీ గడ్డిలో?"

"ప్రాక్టీస్ చేస్తున్నానమ్మా. ట్రౌట్ చేపల కోసం."

"ఎర ఏం పెడతారు?"

"ఈకలతో కట్టిన దొంగ ఈగ. చేప నిజమనుకుని ఎగిరి పట్టుకుంటుంది."

"పట్టాక?"

"వదిలేస్తాం."

గుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టిన నాకు ఈ పద్ధతి భలే నచ్చేసింది. రాడ్ చేతికి తీసుకున్నాను. పెన్సిల్‌లా ఆరు పలకలుగా ఉంది.

"వెదురు గుండ్రంగా కదా ఉంటుంది?"

"వెదురును ఆరు సన్నటి బద్దలుగా చీల్చి అతికించాడు మా నాన్న. స్వయంగా చేశాడు."

"ఏం జిగురుతో? లోపల బోలుగా ఉంటుందా?"

"ఏమో! ఎన్నడూ తెరవలేదు."

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఆ రాత్రి నుంచి నాకు అదే ధ్యాస.

ఆదివారం నన్ను కొండల్లోని ఏటికి తీసుకెళ్ళారు. మొదటి గంటలో రెండు చెట్లనూ, నా సొంత టోపీనీ పట్టాను. రెండో గంటలో జానెడు ట్రౌట్ నా దొంగ ఈగను నమ్మి మోసపోయింది. తడి చేత్తో నిమిషం పట్టుకుని, దాని వంటి మీది చుక్కలు లెక్కపెట్టబోతుంటే నార్మన్ గారు కంగారుగా అన్నారు: "లెక్క తర్వాత, ముందు వదులు!"

నా హుషారు చూసి, తిరిగొచ్చాక రాడ్ నా చేతికే ఇచ్చారు.

"రెండ్రోజులు ప్రాక్టీస్ చేసుకో. తడిసింది, తుడిచి నీడలో ఆరబెట్టు. శనివారం మా తమ్ముడు రే వస్తున్నాడు. ఏటా ఇద్దరం నాన్న మాకు చెరొకటి చేసిచ్చిన రాడ్లతోనే ఏటికి వెళతాం. అప్పటికి కావాలి, సరేనా?"

"సరేనండీ."

నీడలో ఆరబెట్టడమట! జూలై నెల, వడియాలు ఒక్కరోజులో గలగలలాడే ఎండ పెట్టుకుని ఎవరైనా నీడ వెతుకుతారా? మేం వడియాలు కారులోనే ఎండబెడతాం. డాష్‌బోర్డ్ మీద, అద్దాలు మూసి. పక్షుల బెడద ఉండదు, దుమ్ము పడదు. సోమవారం పొద్దున, రెండు ముక్కలుగా ఊడే ఆ రాడ్‌లోని లావు ముక్కను డాష్‌బోర్డ్ మీద పెట్టి, కదలకుండా దాని మీద వడియాల ట్రే ఉంచాను. తెలివి చూశారా!

సాయంత్రం వడియాలు అద్భుతంగా ఎండాయి. రాడ్ మాత్రం విల్లులా వంగిపోయింది.

మా ఆయన రవి చూసి, "ఏంటే ఇది? ఆయనకి ఇచ్చెయ్, సారీ చెప్పు" అన్నాడు.

"వంకర రాడ్ ఎలా ఇస్తాను? నెట్‌లో చూశాను, వేడి చేస్తే తిన్నగా అవుతుందట."

"మొత్తం చదివావా?"

"సగం చదివా. మిగతాది అర్థమైపోయింది."

ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, మూత తీసి, వంకర ఉన్నచోట ఆవిరి పట్టాను. పది నిమిషాలకు రాడ్ మెత్తబడింది. మెల్లగా వంచాను. తిన్నగా అయింది! "చూశావా?" అని రవి వైపు తిరిగేలోపు చిటపటమని చప్పుడు. అరవై ఏళ్ళ జిగురు జావలా కరిగి వేళ్ళకు అంటుకుంది. బద్దలు పక్కకు జరిగాయి.

ఇక్కడ నా నేరం నిజాయితీగా ఒప్పుకుంటాను. అప్పటికి విడిపోయింది బెత్తెడే. మధ్యమధ్య చుట్టిన పట్టుదారాలు మిగతాదాన్ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. స్టవ్ ఆపేసి ఊరుకోవచ్చు. కానీ ఆ సందులోంచి లోపల కాస్త కనిపిస్తోంది. ఇంకాస్త చూద్దామని చిన్న కత్తెరతో ఒక్క దారం కత్తిరించాను. తర్వాత ఇంకొక్కటి. ఆఖరికి నా వంటింటి బల్ల మీద ఆరు బద్దలు ఆరు దిక్కులా పడి ఉన్నాయి.

"లోపల బోలుగా లేదు రవీ!" అన్నాను సంబరంగా.

రవి తల పట్టుకున్నాడు. అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేశానో. సిగ్గుతో, భయంతో ఏడుపొచ్చింది. నమ్మి చేతికిచ్చిన మనిషికి తండ్రి గుర్తును పుల్లలు చేసి పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆ ఆరు బద్దలనూ తువ్వాలులో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కారు, వడియాలు, ఆవిరి, కత్తెర, ఏదీ దాచకుండా చెప్పాను. నార్మన్ గారు తువ్వాలు విప్పి బద్దలన్నీ బల్ల మీద వరసగా పరిచారు. తర్వాత ఒక్క ప్రశ్న వేశారు.

"ఎన్ని నిమిషాల్లో ఊడింది?"

"పది... పన్నెండు. ఇడ్లీ ఉడికేంతసేపు."

"పశువుల తోలు ఉడికించి తీసే జిగురే అయ్యుంటుంది. నలభై ఏళ్ళుగా అనుమానం. తెరవడానికి ధైర్యం చాల్లేదు." కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో బద్దనూ వెలుగులో తిప్పి చూడసాగారు. నాలాంటి రోగమే ఆయనకూ ఉందని అప్పుడు తెలిసి నాకు కాస్త ఊపిరాడింది. అంతలో ఆయన చెయ్యి ఆగిపోయింది. బద్ద లోపలి వైపు పెన్సిల్‌తో చిన్న అక్షరాలు. ఆయన తండ్రి చేతిరాత.

'రే కోసం.'

"ఇది వాడిదా?" అన్నారు నార్మన్ గారు.

శుక్రవారం దాకా రోజూ ఆఫీసు అవగానే వాళ్ళ షెడ్‌కు వెళ్ళి బద్దలు నేను పట్టుకుంటే ఆయన అతికించి దారం చుట్టారు. ఆ నాలుగు రోజుల్లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తమ్ముణ్ణి మాత్రం చాలా అన్నారు.

శనివారం మధ్యాహ్నం మా తలుపు తట్టిన చప్పుడు. నార్మన్ గారూ, పక్కన రెండో రాడ్ పట్టుకుని రే గారూ.

"చిన్నప్పుడు రాడ్లు నేనే మార్చేశానమ్మా," అన్నారు రే గారు నేల చూపులు చూస్తూ. "అన్నయ్య రాడే బాగుందనిపించింది. దీని లోపల అన్నయ్య పేరే ఉంటుంది, ఒట్టు."

"వీడి ఒట్టు నేను నమ్మను," అన్నారు నార్మన్ గారు. "ఇడ్లీ పాత్ర ఖాళీగా ఉందా?"

ఆవిరి పట్టి విప్పి చూస్తే, ఆ రెండో రాడ్ లోపల నార్మన్ గారి పేరే ఉంది. అన్నదమ్ములిద్దరూ ఆ ఏడు చేపల మాట మరిచి, నా వంటింట్లో కూర్చుని వడియాలు నములుతూ పోట్లాడుకున్నారు.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. యజమానులు పక్కన నిలబడి నీళ్ళు మరిగాయా లేదా అని తొందరపెడితే తప్ప, ఈ జన్మలో ఇంకెవరి వెదురు రాడ్‌కూ ఆవిరి పట్టను.