గుండీల్లేని అంగీ

గోదావరిఖనిలో టైలర్ రాయమల్లుకు ఓ పిచ్చి ఉంది. ఎక్కడో మిలాన్‌లో, పారిస్‌లో మగవాళ్ల బట్టల షోలు జరుగుతాయి కదా, జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. వాటిని ఫోన్లో ఒక్కటీ వదలకుండా చూస్తాడు. నవ్వుకుంటే నవ్వుకోండి. లక్ష్మీనగర్ షోరూముల వాళ్లూ నవ్వారు, కాళ్లకు అతుక్కుపోయే ప్యాంట్లు అందరూ వేస్తున్న రోజుల్లో ఇతను నడుం దగ్గర కుచ్చులు పెట్టి వదులు ప్యాంట్లు కుట్టాడని. ఏడాది తిరిగేసరికి వాళ్ల షోరూముల్లోనూ అవే వేలాడాయి.

ఏది నడుస్తుందో పసిగట్టే కన్ను మాత్రం భార్య అనసూర్యది. కుట్టుమిషన్‌కు ఫోన్ ఆనించి ఇద్దరూ చూసేవాళ్లు. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఎవరిదో ఒక అంగీ ఉండేది. దానికి గుండీలు కుడుతూనే చూసేది.

"వీనికి చలిజరం వచ్చినట్టుంది, బొంత కప్పుకొని తిరుగుతుండు" అనేది. "గీ టోపీల కోడిని పొదగేయొచ్చు" అనేది. అలా పొట్టునంతా చెరిగి పారేసి, చివరికి ఒక్క గింజ పట్టేది. "గా కాలర్ చూడు. మెడకు తగలకుంట పండుకున్నది. మన ఎండలకు నడుస్తది." ఆమె నడుస్తుందన్నది గోదావరిఖనిలో నడిచి తీరేది.

పనిలోనూ వాళ్లకో పద్ధతి ఉండేది. అతను అంగీ కుట్టి మిషన్ పక్కనున్న బుట్టలో వేస్తాడు. కాజాలు, గుండీలు ఆమె పని. సాయంత్రం వేసిన అంగీ పొద్దున్నే గుండీలతో బయటికొచ్చేది. పెళ్లయిన దగ్గర్నుంచి రాయమల్లు ఒక్క గుండీ కుట్టి ఎరగడు.

పోయిన ఎండాకాలం జ్వరమని దవాఖానకు తీసుకెళ్తే అనసూర్య మళ్లీ ఇంటికి రాలేదు. రాయమల్లు ఏడవలేదు. ఏడుపు రాలేదంటే నమ్మరు గానీ, ఆ మనిషికి ఏదీ రాలేదు. ఆకలి లేదు, కోపం లేదు. కూరలో ఉప్పు లేకపోయినా, ఎక్కువైనా ఒకటే. పాత ప్యాంట్లకు జిప్పులు వేస్తూ, పొడుగైనవి పొట్టి చేస్తూ కూర్చున్నాడు. కొత్త బట్ట మీద కత్తెర పెట్టలేదు. జూన్‌లో షోలు వచ్చాయి, చూశాడు. మనుషులు నడిచారు, వెళ్లారు. ఒక్క గింజా కనపడలేదు.

అలాంటప్పుడు వచ్చాడు సదానందం. బాయిలో బొగ్గు తీసే మనిషి, పాత గిరాకీ.

"నెలాఖరుకు కొలువు దిగిపోతున్న తమ్మీ. ఆఖరి షిఫ్టు అయినంక దండలేసి, డప్పులతోని ఇంటిదాక తోల్కపోతరు. మా బామ్మర్ది ముందుగాల్నే బట్ట పెట్టిండు, గిదే. బతుకంత మసిబట్టలల్లనే గడిసె. గా ఒక్కనాడు నన్ను జూసి నలుగురు అడగాలె, గిదెక్కడి ఫ్యాషనని."

వద్దనడానికి ఓపిక లేక తీసుకున్నాడు. ఇదీ కుదరకపోతే ఇక దుకాణం మూసేద్దామని మాత్రం గట్టిగా అనుకున్నాడు. చూసిన షోనే మళ్లీ పెట్టి, అనసూర్య అయితే ఎక్కడ ఆపేదో అక్కడ ఆపాడు. వదులుగా, పొట్టిగా, అడుగున తిన్నగా కోసిన అంగీ. నచ్చి కాదు. సదానందానికి భుజాలు జారి ఉంటాయి, పొట్ట కాస్త ముందుకుంటుంది, ఆ కోత రెంటినీ దాస్తుందని. కోశాడు, కుట్టాడు, బుట్టలో వేశాడు. పొద్దున తీసి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టి ఇచ్చేశాడు. ఇస్త్రీ చేస్తూ ఏం చూశాడో ఆ భగవంతుడికే తెలియాలి.

దిగిపోయిన మర్నాడు సదానందం అదే అంగీ వేసుకుని వచ్చాడు. ముందు భాగం బార్లా తెరుచుకుని ఉంది. లోపల తెల్ల బనీను. మొహం వెలిగిపోతోంది.

"అందరు అడిగిండ్రు తమ్మీ. మా షిఫ్టుల రఘుపతి అయితే అంగీకి గుండీలేవే అన్నడు. నీకేమెరుక, రాయమల్లు కుట్టిండంటే ఫారిన్ల గిట్లనే తొడుగుతున్నట్టు అని నేనన్న. ఇగ వానికి సుత గిసోంటిదే కావాల్నట."

రాయమల్లు ఆ గుండీల పట్టీ వైపు చూశాడు. కాజా లేదు, గుండీ లేదు. తర్వాత బుట్ట వైపు చూశాడు.

నోరు మూసుకుంటే సరిపోయేది. పేరు నిలబడేది, ఇంకో గిరాకీ తగిలేది.

"ఫ్యాషన్ కాదన్నా" అన్నాడు. "గుండీలు అనసూర్య కుట్టేది. బుట్టల ఏసిన. కుడతదనుకున్న."

సదానందం అంగీ విప్పి మిషన్ మీద పెట్టి, బనీనుతోనే బల్ల మీద కూర్చున్నాడు. రాయమల్లు ఆమె గుండీల డబ్బా తెరిచాడు. సూదిలోకి దారం ఎంతకీ ఎక్కలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా మసకే. తను ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది.

"నిమ్మలంగ కుట్టు తమ్మీ" అన్నాడు సదానందం. "నాకు ఇప్పుడు షిఫ్టు లేదు."