తెర వెనక ఫిడేలు

నా చిన్నప్పుడు మేము బహ్రెయిన్‌లో, తుబ్లీలో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడ వర్క్‌షాపులో వెల్డరు. నరసాపురంలో తాతయ్య దగ్గర నేర్చుకున్న ఫిడేలును పాత పంచెలో చుట్టి వెంట తెచ్చుకున్నాడు.

నాన్నకి వీసా ఇచ్చిన వర్క్‌షాపు యజమానిని అక్కడ కఫీల్ అంటారు. శుక్రవారాలు ఆయన ఇంట్లో పాటలు జరిగేవి. ఆ దీవి పాటలకి మగవాళ్ళు జంటగా లేచి, పక్కపక్కనే అడుగులేస్తూ, ఉన్నట్టుండి ఎగిరి మోకాళ్ళ మీద దిగుతారు. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు దిగాలో వాళ్ళకి ఫిడేలే చెప్పాలి. వాళ్ళ ఫిడేలు ముసలాయన పోయాక ఆ చోటు నాన్నకిచ్చారు. మొదట్లో నాన్న మన అలవాటు కొద్దీ గమకాలు పోయి స్వరం సాగదీస్తే, ఆడేవాళ్ళు ఎత్తిన కాలు దించలేక తూలేవారట. ఆ అలవాటు మానడానికి నాన్న చాలా కష్టపడ్డాడు.

ఇంతలో కఫీల్ కూతురి పెళ్ళి వచ్చింది. గొప్పవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందు వర్క్‌షాపు మనిషి కూర్చుంటే నామోషీ. “ఈ ఒక్కరోజు లోపల కూర్చో భాయ్” అన్నాడు కఫీల్, భుజం తట్టి మరీ. కొడుకు చేతికి కొత్త ఫిడేలిచ్చి, మోగకుండా కమానుకు నూనె రాసి, ముందు కూర్చోబెట్టాడు. నాన్న తెర వెనక, నాన్న పక్కన నేను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది.

తెర సందులోంచి చూస్తున్నాను. ఆట మంచి ఊపులో ఉంది. నాన్న కమాను ఎత్తేస్తే చాలు, ముందున్నవాడి చెయ్యి ఊగుతూ ఉంటుంది, పాట ఉండదు, అందరికీ తెలిసిపోతుంది. ఆపెయ్యమని చొక్కా పట్టి లాగాను. నాన్న తల అడ్డంగా ఊపి, ఎన్నడూ లేనంత బాగా వాయించాడు. నాకు ఏడుపొచ్చింది.

పాట అయ్యాక ఆడినవాళ్ళు వెళ్ళి కఫీల్ కొడుకుని కావలించుకున్నారు. ప్రతి శుక్రవారం మా నాన్న పాటకి ఆడినవాళ్ళే. వాయించింది ఎవరో వాళ్ళకి తెలియకపోదు.

ఇంటికి నడుస్తూ, ఎందుకు ఆపలేదని నాన్నని నిలదీశాను.

“వాళ్ళు గాల్లో ఉన్నారమ్మా. ఆపితే పడిపోరూ?” అన్నాడు.

తర్వాత నేను మనామాలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా చేత పని చేయించుకుని తమదని చెప్పుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఒక్కసారీ మధ్యలో వదల్లేదు. వదలబోతే ఎవరో గాల్లో ఉన్నట్టే అనిపించేది. నాన్న చెప్పింది మంచి మాటే. ఆ మంచి మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.