పదకొండు మంది చెప్పిన ఒకే అబద్ధం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. చట్టం చదివినవాడికి మనుషులు అర్థమవుతారన్నది ఒకటి. ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతిలో ఫైలు పట్టుకుంటే ఎవరైనా ఆఫీసరని గుర్తుపడతారన్నది రెండోది. ఆ రెండూ రెడ్డిగూడెం అవతల ఒక చిన్న ఊళ్లో, ఒకే మధ్యాహ్నం పోయాయి.

నేను ప్రొబేషన్ ఆఫీసరుగా చేరి అప్పటికి మూడు వారాలు. మొదటి కేసు పదహారేళ్ల కుర్రాడు. పేరు బయటపెట్టకూడదని చట్టం కాబట్టి స్నేహితులు పిలిచినట్టే బుల్లెట్ అంటాను. (బండి నడపడం రాదని వెక్కిరించడానికే ఆ పేరు పెట్టారట.) నూజివీడు మామిడి మార్కెట్లో ఎవరో వ్యాపారి తాళంచెవి వదిలేసిన బండెక్కి, ఊరు దాటకముందే కాలవలో దిగాడు. దెబ్బలు తగల్లేదు గానీ అబ్జర్వేషన్ హోంకి చేరాడు. తండ్రి లేడు. తల్లి తోటల్లో కాయల కోతకు వెళ్తుంది. ఇంట్లో ఒక అక్క. ఇంటికి పంపితే వాణ్ణి కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఉన్నారా లేరా అన్నది విచారించి జువెనైల్ బోర్డుకు రాసివ్వడం నా పని. వాడు ఇంటికి వెళ్లేదీ హోంలోనే ఉండిపోయేదీ దాన్నిబట్టే. హోంలో కలిసినప్పుడు వాడు నన్ను ఒక్కటే అడిగాడు. "సార్, మా అమ్మ అన్నం తింటుందో లేదో చూసొస్తారా?"

పిల్లల కేసు సంగతి ఊళ్లో ఎక్కడా అనకూడదని ట్రైనింగ్‌లో మరీ మరీ చెప్పారు. అందుకని బస్సు దిగి, నేనెవరో చెప్పకుండా కిరాణా కొట్లో మొదలుపెట్టాను. "ఫలానా వాళ్ల కుటుంబం ఎలాంటిదండీ? తాగుడూ గొడవలూ ఏమైనా ఉన్నాయా? అమ్మాయి ఏం చదివింది? అబ్బాయి గుణం ఎలాంటిది?" (అన్నీ ఫారంలో ఉన్న ప్రశ్నలే, నా సొంతం ఒక్కటీ లేదు.) కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, కూల్‌డ్రింకు చేతిలో పెట్టి, డబ్బులిస్తే వద్దన్నాడు. "బంగారం లాంటి మనుషులండీ. ఆ కుర్రాడైతే నోట్లో వేలు పెడితే కొరకలేడు. సెలవులు కదా, జి. కొండూరులో మావయ్యగారింటికెళ్లాడు."

ఆ మావయ్యగారింట్లో ముందురోజే వాణ్ణి చూసొచ్చాను. కిటికీలకు ఊచలు, గేటుకు ప్రభుత్వం వారి తాళం ఉన్నాయి.

ఆటో అతను అదే చెప్పాడు. పాస్టరుగారు కాస్త తడబడి, అటూ ఇటూ చూసి, ఆయనా అదే చెప్పారు. మొత్తం పదకొండు మంది. ఊరు ఊరంతా కూడబలుక్కుందని ఫైల్లో రాసి, కింద గీత కూడా గీశాను. ఎంత పెద్ద కుట్రను పట్టుకున్నానో అని నాకు నేనే ముచ్చటపడుతూ వాళ్లింటికి వెళ్లాను.

తల్లి గబగబా కుర్చీ తుడిచి వేసింది. పిలవకుండానే పక్కింటి మామ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. కోసిన మామిడిపండ్ల ముక్కలు వచ్చాయి. ఆ వెనకే కొత్త చీర కట్టుకుని, తల వంచుకుని, కాఫీ ట్రేతో అక్క వచ్చింది.

"పెద్దవాళ్లని తీసుకురాకుండా ఒక్కడివే వచ్చావేంటి బాబూ?" అంది మామ్మ. "పోన్లే, ఈ కాలం కుర్రాళ్లు అంతేగా. అమ్మాయినేమైనా అడగాలంటే అడుగు, మొహమాటపడకు."

నా గొంతులో మామిడిముక్క అడ్డంపడింది. మాట రాక ఐడీ కార్డు తీసి అక్క చేతికిచ్చాను. ఆ పిల్ల చదివి, ట్రే కింద పెట్టి, చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. "పెళ్లికొడుకు కాదు మామ్మా. తమ్ముడి గురించొచ్చిన సారు."

తల్లి నా దగ్గరకొచ్చి అడిగింది. "వాడు అన్నం తింటున్నాడా బాబూ?"

నా ఫారంలో ఈ ప్రశ్న లేదు. తింటున్నాడమ్మా అన్నాను. మీరు తింటున్నారా అని వాడూ అడిగాడని చెప్పాను. ఆ తర్వాత మామిడిముక్కలు తినడం నావల్ల కాలేదు.

బోర్డులో మేజిస్ట్రేటు మేడమ్ పిల్లలు బెదరకుండా మామూలు బల్ల దగ్గర మామూలు చీరలో కూర్చుంటారు. ఆవిడ ముందు చెమటలు తుడుచుకుంటూ ఉన్నదంతా ఒప్పుకున్నాను. "నన్ను పెళ్లికొడుకు అనుకుని చెప్పిన మాటలండీ. ఒక్కటీ పనికిరాదు. ఇంకో వారం టైమిస్తే మళ్లీ విచారిస్తాను."

ఆవిడ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. "పదకొండు మందీ వాడు మావయ్య ఇంట్లో ఉన్నాడనే చెప్పారా?"

"అవునండి."

"వాడి పరువు పోకూడదని, అక్క పెళ్లి చెడకూడదని ఊరంతా అబద్ధమాడింది. వాణ్ణి కనిపెట్టుకునేవాళ్ల కోసం ఇంకో వారం ఎక్కడ వెతుకుతారండీ మీరు?"

ఆ సాయంత్రమే బుల్లెట్ ఇంటికెళ్లాడు. నేనూ ఆ రోజునుంచే పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ మేడమ్‌కీ, మొహం మీదే అబద్ధమాడిన ఆ పదకొండు మందికీ ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

రెండేళ్ల తర్వాత అక్క పెళ్లికి పిలిస్తే వెళ్లాను. మామ్మ నా విస్తట్లో దగ్గరుండి వడ్డిస్తూ, "చేజేతులా పోగొట్టుకున్నావు కదయ్యా" అని అందరికీ వినబడేలా అంది. తిరుగు ప్రయాణంలో బస్సు దాకా దింపుతానని బుల్లెట్ బండి తీశాడు. అడక్కుండానే జేబులోంచి లైసెన్సు తీసి చూపించాడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, తలూపి, ఫైలు లేకపోయినా ఆఫీసరులాగే వెనక ఎక్కి కూర్చున్నాను.

కాలవ దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాను. వాడికి చెప్పలేదు గానీ, అద్దంలో చూసే ఉంటాడు.