దొర్కమ్మ అని పిలిపించుకున్నాను

నలభై ఏళ్ళుగా ఒక పేరు మోస్తున్నాను. అది నాది కాదు. పెట్టింది సంఘం, పెట్టించుకున్నది నేను. ఇప్పటికీ న్యూజెర్సీలో మా తెలుగు చర్చికి వెళితే పాతవాళ్ళు "దొర్కమ్మ గారూ, వందనాలు" అంటారు. నేనూ నవ్వి వందనాలంటాను. ప్రతిసారీ. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

దొర్క కథ మా ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తొలినాటి క్రైస్తవుల కాలంలో యొప్పే అనే ఊళ్ళో ఉండేది. దిక్కులేని విధవరాళ్ళకి బట్టలు కుట్టి ఇచ్చేది. ఆమె చనిపోతే ఆ ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి, ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలన్నీ యేసు శిష్యుడు పేతురుకి చూపించారు. ఆయన ప్రార్థన చేస్తే ఆమె లేచి కూర్చుంది. చిన్నప్పుడు నాకు ఆ లేచి కూర్చోవడమే గొప్పగా ఉండేది. ఇప్పుడు అంగీలు చూపించే చోటు దాటి ముందుకి చదవలేను.

ఎనభైల మొదట్లో మా సంఘం చిన్నది. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి కొత్తగా దిగిన ఆడవాళ్ళు మంచులో కూడా చీర మీద స్వెట్టరుతోనే వచ్చేవాళ్ళు. ఇక్కడి కోట్లు వాళ్ళకి పట్టేవి కావు. చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. గుండీలు పెడితే కుచ్చిళ్ళు బిగుసుకుపోయి అడుగు పడేది కాదు. స్త్రీల సమాజం బాధ్యత నాది కాబట్టి పాత కోట్లు నేను పోగుచేశాను. అంతవరకే నాకు చేతనయింది. ఊడిన గుండీ కూడా సరిగ్గా కుట్టలేని దాన్ని.

కుట్టింది రాహేలమ్మ గారు. సంఘంలో ఒక డాక్టరు తల్లి. భర్త తెనాలిలో దర్జీ. ఆయన పోయాక ఆవిడే మిషను తొక్కి కొడుకుని చదివించింది. ఆ సంగతి ఇక్కడ నలుగురికీ తెలియడం కొడుక్కి ఇష్టం లేదు. హాయిగా కూర్చోమన్నాడు. ఆవిడకి కూర్చోవడం రాదు. ప్రార్థనకని చెప్పి పగటిపూట నా కార్‌లో మా ఇంటికి వచ్చేది. కోటు కుట్లన్నీ విప్పేసి, చేతులు కురచ చేసి, నడుము కింద రెండు పక్కలా ముక్కలు వేసి కుచ్చిళ్ళకి చోటిచ్చేది. ప్రతి కోటుకీ లోపలివైపు, గుండె దగ్గర, పాత చీర ముక్కతో చిన్న జేబు పెట్టేది. చేతిరుమాలు కోసమట. కొత్త దేశంలో ఏడుపొస్తే వెతుక్కోకూడదట.

తన పేరు చెప్పొద్దని మొదట ఆవిడే అంది. ఆవిడ కోసం మా ఇంట్లో తెచ్చి పెట్టిన మిషను చూసి ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. ఎవరో దొర్కమ్మ అన్నారు. నేను కాదనలేదు. కాదంటే మరెవరని అడుగుతారు, పెద్దావిడకిచ్చిన మాట పోతుంది అని సర్దిచెప్పుకున్నాను. నిజంగా అందుకేనా? నాకు పిల్లలు లేరు, ఉద్యోగం లేదు, మా ఆయన పక్కన నిలబడే మనిషిగానే అందరికీ తెలుసు. మొదటిసారి నేను గదిలోకి వస్తే ఆడవాళ్ళు లేచి చోటివ్వడం మొదలుపెట్టారు. ఆ రుచి మరిగాను.

ఆ ఏడు స్త్రీల ఆదివారానికి దొర్క మీద వాక్యం నన్నే చెప్పమన్నారు. ముందురోజు రాహేలమ్మ గారు మిషను ఆపి నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, రేపు నా పేరు చెప్పమ్మా."

"అదేంటి పిన్నిగారూ, వద్దన్నారుగా?"

"అన్నాలే. మొన్న మావాడు కోడలితో అంటన్నాడు, అమ్మని తీసుకొచ్చి ఊరికే కూర్చోబెట్టా, పాపం ఏం తోచట్లేదని. నేనూరికే కూర్చోలేదని వాడికి తెలియాల. నేను చెబితే కోప్పడతాడు. సంఘంలో నువ్వు చెబితే ఏవనలేడు."

"ఏమని చెప్పమంటారు?"

"పొడుగ్గా చెప్పమాక. ఈ కోట్లు కుట్టింది రాహేలమ్మ అను. చాలు."

తప్పకుండా చెబుతానన్నాను.

మర్నాడు ఆవిడ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, ముసుగేసుకుని, కొడుకు పక్కన కూర్చుంది. నేను దొర్క గురించి బాగానే చెప్పాను. ఆ ఒక్క మాటా నాలుక చివరికి వచ్చింది. అంతలో పాస్టర్ గారు "మన మధ్య కూడా ఒక దొర్క ఉంది" అని నన్ను చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని "మహిమ దేవునికే" అని కూర్చున్నాను. అంత వినయంగా వినిపించే దొంగతనం ఇంకొకటుంటుందా? మా వాళ్ళలో ఆ మాట అన్నాక ఇక ఎవరూ ఏమీ అడగరు. నాకది తెలుసు. తెలిసే అన్నాను.

ఆ తర్వాత కూడా ఆవిడ వచ్చింది. సూదిలో దారం ఎక్కించమని ఎప్పటిలాగే నా చేతికిచ్చింది. పేరు సంగతి ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదని ఒక్కసారి అడిగినా, తిట్టినా బాగుండేది. నేనే అడగొచ్చు కదా, క్షమించమని? అడగలేదు. మంచు కరగకముందే ఆవిడ నిద్రలో పోయింది.

ఇక్కడే పాతిపెట్టారు. చలి గాలి కోసేస్తోంది. పాట మొదలవగానే ఆడవాళ్ళు ఏడ్చారు. ఏడుస్తూ ఒక్కొక్కరూ కోటు గుండీలు విప్పి, లోపలి జేబులోంచి చేతిరుమాలు తీసుకున్నారు. పెట్టె చుట్టూ కోట్లన్నీ తెరుచుకున్నాయి. ఆవిడ చీర ముక్కలు కనిపించాయి. వాళ్ళు ఏం చూపిస్తున్నారో వాళ్ళకి తెలియదు. నాకొక్కదానికే తెలుసు. నా కోటుకీ ఆ జేబుంది. నేనూ రుమాలు తీశాను.

కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "అమ్మని ఊరికే కూర్చోబెట్టేశానక్కా. చేతిలో పని లేకుండానే పోయింది" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. ఇక కోప్పడడానికి ఏముంది? కానీ చుట్టూ ఆడవాళ్ళున్నారు, వింటున్నారు. కారణం అంతే. ఇంకేదైనా ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలేదు. "బాధపడకు తమ్ముడూ" అని అతని భుజం తట్టాను.

కిందటేడు అతనూ పోయాడు. తల్లి గురించి అదే అనుకుంటూ పోయాడు. క్షమాపణ అడగడానికి మనిషి మిగల్లేదు. దేవుడున్నాడుగా అంటారేమో. ఆయనకి ముందే తెలుసు. తెలిసినవాడికి చెప్పడం తేలిక, అది చాలాసార్లు చేశాను, బరువు తగ్గలేదు. తెలియని మనిషి ఒక్కరైనా వినాలి.

పొడుగ్గా చెప్పొద్దంది ఆవిడ. చాలా పొడుగైపోయింది. ఆ రోజు చెప్పాల్సింది ఒక్కటే మాట.

ఈ కోట్లు కుట్టింది రాహేలమ్మ.